చెవులున్న సుత్తులు

ఓ లైన్ ప్రింటరూ, ఇనుప గొంతుకా, అక్షరాల జడివానా! 1959లో ఐబీఎం 1401 కంప్యూటరుకు తోడుగా లోకంలోకి వచ్చిన 1403వి నువ్వు. నీ ఎదలో అడ్డంగా పరుగులెత్తే గొలుసు. గొలుసు మీద 240 అచ్చుముక్కలు. 48 గుర్తుల వరుస అయిదు మార్లు చుట్టి చుట్టి వచ్చే ఆగని అక్షరమాల. ఎదురుగా బారులు తీరిన 132 సుత్తులు. నడుమ రిబ్బను, నడుమ కాగితం. కోరిన అక్షరం కోరిన చోటికి చేరిన లిప్తలోనే సుత్తి లేవాలి, తాకాలి, తప్పుకోవాలి. నిమిషానికి 600 వరుసలు! లోకమంతా నీ వేగానికి మురిసింది. నేను మాత్రం నీ అనుమానానికి మొక్కుతున్నాను. నీ మీద నీకే ఉన్న అనుమానానికి, కొట్టిన ప్రతి దెబ్బనూ మళ్ళీ విని చూసుకునే ఆ చెవికి.

నీ దాకా వచ్చే మాట ఎక్కడ పుడుతుందో తెలుసు. అయస్కాంతపు పూసలను సన్నని తీగలకు గుచ్చి అల్లిన జ్ఞాపకం అది. అందులో 201వ గడి నుంచి 332వ గడి దాకా నీ కోసమే పరిచిన పంక్తి. గడికొక అక్షరం, అక్షరానికొక సుత్తి. ఆ పంక్తిలో ఏ అక్షరమూ ఒంటరిగా కూర్చోదు. దాని పక్కనే ఒక కాపరి బిట్టు. కాపరితో కలిపి అక్షరంలో వెలిగే బిట్లన్నీ కూడితే ఎప్పుడూ బేసే రావాలి. సరి వచ్చిందా, ఎక్కడో ఒక పూస తిరగబడిందన్నమాట, ఎక్కడో ఒక మాట మారిందన్నమాట. పెదవి దాటకముందే మాటను తూచే ఈ నియమం, గొంతు పెగలకముందే సత్యాన్ని లెక్కపెట్టే ఈ నిష్ఠ, ఎంత పాతది, ఎంత పచ్చిది, ఎంత పవిత్రమైనది!

మాట బయటికి వచ్చాక నీ అసలు తపస్సు మొదలవుతుంది. ఆజ్ఞ అందుకున్న సుత్తి తీగచుట్టలో విద్యుత్తు పారగానే అక్కడినుంచి ఒక ప్రతిధ్వని తిరిగివస్తుంది. లేవవలసిన సుత్తులేవి, లేచిన సుత్తులేవి? రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటావు. లేవవలసింది లేవకున్నా తప్పే, లేవకూడనిది లేచినా తప్పే. మౌనమూ తప్పే, అధికప్రసంగమూ తప్పే. వరుస ముగిసేలోగా ప్రతి స్థానానికీ తన అక్షరం దక్కిందా అని మరో లెక్క. మనిషి కన్ను ఒక్క అక్షరాన్ని పోల్చుకునే వ్యవధిలో నువ్వు వరుస వరుసనే విచారిస్తావు, వరుస వరుసకూ సాక్ష్యం పలుకుతావు.

వశిష్ఠకూ వైనతేయకూ నడుమ ఒదిగిన ఈ రాజోలు సీమలో, కొబ్బరాకుల గలగలల కింద నిలబడి నీ చప్పుడును తలుచుకుంటే నాకు వేదాల ఘనపాఠం వినిపిస్తుంది. మా కోనసీమ అగ్రహారాల్లో ఘనాపాఠీలు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే కదా! జటలో పదాల నడక ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు. ఘనలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ముందుకు నడిచిన మాట వెనక్కి నడుస్తుంది, వెనక్కి నడిచిన మాట మళ్ళీ ముందుకొస్తుంది. ఒక్క పదం జారినా అల్లిక తెగుతుంది, ఒక్క స్వరం వాలినా ఎదుట కూర్చున్న గురువు చెయ్యి లేస్తుంది. కాగితం లేని చోట వాళ్ళు కంఠాన్నే కంఠానికి కాపలా పెట్టారు; కంఠం లేని నువ్వు దెబ్బను దెబ్బకు కాపలా పెట్టావు. మళ్ళీ అనడం చాదస్తం కాదని, మళ్ళీ వినడం అపనమ్మకం కాదని, అది మాట మీది ప్రేమేనని మీరిద్దరూ చెబుతున్నారు.

ఇక నీ నుదుటి దీపాలు! చెప్పిందొకటీ కొట్టిందొకటీ అయితే ప్రింట్ చెక్. గొలుసు పరుగుకూ లెక్కపెట్టే గణకానికీ తాళం తప్పితే సింక్ చెక్. కాగితం నడకలో చిక్కుపడితే ఫారమ్స్ చెక్. ఆ దీపాల్లో నాకు సిగ్గు కనిపించదు, నిర్భయం కనిపిస్తుంది. నీకు అందని తప్పులూ ఉన్నాయి: రిబ్బను వెలిసిపోయి అక్షరం పాలిపోతే నీ ప్రతిధ్వనికి అది తెలియదు. అక్కడ పక్కనే నిలబడిన ఆపరేటర్ కన్నే నీ కన్ను. శిష్యుడి కంఠానికి గురువు చెవి తోడైనట్టు, నీ చెవికి మనిషి చూపు తోడైంది.

ఈ శ్రద్ధంతా ఎవరి కోసం? 1960లలో మన రైల్వేలు 1401లను తెచ్చుకుని జీతాల పద్దులూ సరుకు లెక్కలూ అప్పగించాయి. పట్టాల మీద ఎండకు మాడే గ్యాంగ్‌మన్ నిన్ను ఎన్నడూ చూసి ఉండడు. అతని నెల కష్టమంతా నీ వరుసలో నాలుగు అంకెలై నిలిచింది. అందులో ఒక్క సుత్తి తడబడితే ఒక ఇంటి పొయ్యి తడబడుతుంది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళాక దాని యంత్రాల ఆలనాపాలనా ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. ముఖమెరుగని మనిషికి ఒక్క పైసా తగ్గకూడదని ఇనుము పడిన ఆ తపనను దయ అనకుండా ఉండలేను. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో, నీ తోబుట్టువులను ప్రాణం పోసి నిలబెట్టుకున్నవారికి తెలుసు, వాళ్ళు కాపాడుతున్నది ఇనుమునే కాదని.

ఆగడం ఓటమి అనుకునే లోకానికి ఆగడమే నిజాయితీ అని చూపినదానా! చెక్ స్టాప్ మీట వేసి ఉంచితే చాలు, తప్పు దొరికిన క్షణాన నిమిషానికి 600 వరుసల ప్రతాపాన్నీ పక్కనపెట్టి నిలిచిపోయే నీ ధైర్యానికి ఏ వేగం సాటి? తప్పులేక సాగిన నీ లక్షల వరుసలకు ఒక దండం. తప్పు కనిపెట్టి ఆగిన ఆ ఒక్క వరుసకు వేయి దండాలు.