వేలికి అంటని పొర

మామిడి తాండ్ర పాడవడానికి ఒక్క పొర చాలు. పైన ఎన్ని పొరలు నిగనిగలాడుతున్నా, అడుగున ఎక్కడో ఒకటి పచ్చిగా ఉండగానే దాని మీద రసం పోసేసి ఉంటే, శ్రావణంలో జాడీ మూత తీయగానే కల్లు వాసన గుప్పుమంటుంది. నాకా వాసన బాగా తెలుసు. హైదరాబాదులో మా అపార్టుమెంటు డాబా మీద మొదటిసారి తాండ్ర పోసిన ఏడు, చేసిందంతా చెత్తబుట్టలో వేశాను. పడమర మబ్బు కనబడింది, భయపడి ఒక్కరోజులోనే రెండు పొరలు పోశాను. అంతే.

నూజివీడు వైపు మా అమ్మమ్మ ఊళ్లో ఈ తొందర చెల్లేది కాదు. పొద్దున్నే నులకమంచం మీద పరిచిన తాటాకు చాప దగ్గరికి వెళ్లి, నిన్నటి పొర మీద చూపుడువేలు ఆనించి మెల్లగా నొక్కేది. అంచున కాదు, నడిమధ్యన. అంచులు ఎప్పుడూ ముందే ఆరి మనల్ని మోసం చేస్తాయి. వేలు శుభ్రంగా పైకి వస్తే ఆ పూట రసం పోసేది. ఏమాత్రం జిగురు తగిలినా, "ఇవాళ దీనికి ఎండే భోజనం, రసం లేదు పొండి" అనేది. పిల్లలం ఆ మాట కోసమే కాచుకుని ఉండేవాళ్లం. రసం పోయని రోజున పళ్లన్నీ మావే.

పళ్ల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఈమధ్య బంగినపల్లి తాండ్ర అని గొప్పగా చెప్పి, నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి అమ్ముతున్నారు. బంగినపల్లి కోసుకుని తినే పండు. కండ ఎక్కువ, పీచు లేదు, మాగాక పులుపు బొత్తిగా తక్కువ. ఆరుతున్నకొద్దీ పండులో ఉన్నవన్నీ చిక్కబడతాయి. పులుపే లేని పండులో చిక్కబడటానికి తీపి ఒక్కటే ఉంటుంది, రెండు ముక్కలు తినేసరికి మొహం మొత్తుతుంది. తాండ్రకు రసాలే కావాలి. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, ఏవీ దొరక్కపోతే పెరట్లో నాటు చెట్టు. పీచు ఉంటే ఉండనీండి, వడకట్టుకోవచ్చు. వాసన మాత్రం మనం పెట్టలేం.

ఆ మాటకొస్తే మా ఇంట్లో తాండ్రకు మంచి పళ్లు వాడిందే లేదు. గాలివానకు రాలి ఒక పక్క కమిలినవి, బజారుకు పంపితే ధర పలకనివి, గడ్డిలో వేసిన గంపెడూ ఒక్కసారే మాగిపోయి ఇంటిల్లిపాదీ తిన్నా తరగనివి, ఇవే తాండ్ర పళ్లు. కమిలిన చోటు కోసి పారేయాలి. కుళ్లు వాసన తగిలితే మాత్రం ఆ పండంతా పశువుల కుడితికే.

పళ్లను ఓ గంట నీళ్లలో వేసి కడిగి, తొడిమ దగ్గర చిన్న చెక్కు తీసి సొన కార్చేయాలి. సొన రసంలో కలిస్తే గొంతు గీరుకుంటుంది. తర్వాత చేత్తో మెత్తగా పిసికి పిండటమే. టెంకకూ తొక్కకూ అంటుకున్నది వదలబుద్ధి కాక కాసిన్ని నీళ్లు పోసి కడిగి కలపాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. మామిడి రసంలో నీరే 80 శాతానికి పైగా ఉంటుంది. దాన్ని 15, 20 శాతానికి దించడానికే మనం ఇన్ని రోజులు ఎండతో బేరమాడుతున్నాం. టెంకలు పిల్లలకిచ్చేయడమే న్యాయం.

వడకట్టిన 1 కిలో రసానికి 100 గ్రాముల పంచదార గానీ, తరిగిన బెల్లం గానీ చాలు. చిటికెడు ఉప్పు వేస్తే తీపి నిలబడుతుంది. బెల్లంతో రంగు నల్లబడుతుంది కానీ రుచికి లోతు వస్తుంది. నా ఓటు బెల్లానికే. తీపి ఎక్కువైతే ఎక్కువ కాలం నిలవ ఉంటుందనుకుని చాలామంది గుప్పిళ్లతో పోస్తారు. పంచదార నీటిని పట్టుకుని బూజుకు అందకుండా చేసే మాట నిజమే. కానీ అది మోతాదు మించితే పొర బంకలా సాగుతుంది, వానాకాలంలో గాలిలోని తేమను కూడా లాక్కుని మళ్లీ చెమరుస్తుంది. నిలవకు పండులోని పులుపు కూడా సాయం చేస్తుంది. రసాలే కావాలని పట్టుబట్టడానికి ఇదొక కారణం.

రసాన్ని ఉడికించాలా వద్దా అన్నది ఇళ్లను రెండు వర్గాలుగా చీల్చే ప్రశ్న. సన్నసెగ మీద కాసేపు ఉడికిస్తే పులియబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, రసాన్ని నల్లబరిచే ఎంజైములు పనిచేయవు, రసం కాస్త చిక్కబడుతుంది కాబట్టి త్వరగా ఆరుతుంది. మబ్బులను నమ్మలేని నగరవాసులకు ఇదే క్షేమం. అయితే చెట్టు కింద నిలబడి పండు చీకినప్పుడు ముక్కుకు తగిలే ఆ మొదటి వాసన పొయ్యి మీదే పోతుంది. అమ్మమ్మ పచ్చి రసమే పోసేది. పచ్చి రసానికి ఒకటే షరతు, పోసిన పొర ఆ రోజే పైకి ఆరిపోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండకు ఆరుతుంది. జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చిందంటే ఆ షరతు మన చేతుల్లో ఉండదు.

ఇక పొయ్యడం. మొదటి పొర చాప కళ్లు మూయడానికి మాత్రమే. అరచేత్తో పలచగా, అట్టు తిప్పినట్టు తిప్పి వదిలేయాలి. ఆ తర్వాతివీ అంతే, రోజుకొకటి. ఒక్కసారే అంగుళం మందాన పోసేస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా అని నేనూ అడిగాను. తప్పవు. ఎండ పైనున్న నీటినే ముందు లాగుతుంది. మందంగా పోసినచోట పైభాగం తోలులా బిగుసుకుపోయి, లోపలి నీటికి దారి మూసేస్తుంది. పైకి చూస్తే ఆరినట్టే ఉంటుంది, లోపల పులుస్తుంటుంది. పలచటి పొరలో నీటికి దాక్కునే చోటుండదు. తాండ్రను అడ్డంగా కోసినప్పుడు సన్నటి గీతలు కనబడితే, ఎవరో రోజూ పొద్దున్నే వేలు ఆనించి చూశారని అర్థం.

చాప కూడా పని చేస్తుంది. తాటాకు నేతలోంచి కింది గాలి తగిలి, పొర రెండు వైపులా ఆరుతుంది. నాలాగా స్టీలు పళ్లెంలో పోసేవాళ్లు పళ్లేనికి నెయ్యి రాసుకుని, నాలుగో రోజున బిళ్లను తిరగేసి అడుగునా ఎండ చూపించాలి. ఈగలకు పాత నూలు చీర కప్పుతారు. చీర రసానికి తగలకుండా మంచానికి నాలుగు మూలలా కర్రలు కట్టి వాటి మీద వేయాలి, లేకపోతే చీరకూ ఒక పొర తాండ్ర పడుతుంది. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు చీమలకు. కోతులకు మాత్రం మందు లేదు, మనిషి కాపలా ఉండాల్సిందే. సాయంత్రం గాలి చల్లబడకముందే చాప లోపలికి రావాలి.

ఇలా ఇళ్లలో పోసుకునే తాండ్రే కొన్ని ఊళ్లకు జీవనం కూడా అయింది. ఆత్రేయపురంలో పూతరేకులు కొనడానికి వెళ్లినవాళ్లు పక్కనే పేర్చిన తాండ్ర చూడకుండా రారు. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది, తాండ్ర పాపం పక్కనే నిలబడి చూసింది. విజయనగరం జిల్లా భీమాలిలో వేసవి వస్తే తాండ్ర పనే పని. బెంగాల్‌లో దీన్ని ఆమ్‌సత్తా అంటారు, కొంకణంలో ఆంబాపోళి, ఉత్తరాదిన ఆమ్ పాపడ్. సిరియాలో ఎండకు మెరిసే నారింజ రంగు ఆప్రికాట్ తాండ్ర చేసి, రంజాన్ నెలలో నీళ్లలో నానేసి షర్బత్‌లా తాగుతారు. దాని పేరు కమరుద్దీన్. మన దగ్గరే తాటిపండ్ల గుజ్జుతో తాటి తాండ్ర చేసేవాళ్లున్నారు. తాటిపండు మాగేదే వానాకాలంలో కాబట్టి వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురికి ఎండా లేదు, రసాలూ లేవు. డబ్బాలో వచ్చే మామిడి గుజ్జును పళ్లాల్లో పోసి, పళ్లు ఆరబెట్టే కరెంటు యంత్రంలో 60 డిగ్రీల దగ్గర ఓ రాత్రంతా ఉంచుతుంది. పొర సరిగా అంటుకోకపోతే అక్కడి ఇళ్లలో చేసుకునే ఆపిల్ సాస్ కాస్త కలుపుతుందట. ఆపిల్‌ను మూతపెట్టి మెత్తగా ఉడికించి మెదిపిన ఆ గుజ్జులో పెక్టిన్ ఎక్కువ, అదే పొరను పట్టి ఉంచుతుంది. వాళ్లు ఉత్త ఆపిల్ గుజ్జుతోనూ తాండ్ర చేస్తారు. "తిన్నాను అక్కా, బాగానే ఉంది, కానీ మన తాండ్రలా పళ్లకు అతుక్కోదు" అంది. అది ఫిర్యాదో మెచ్చుకోలో నాకర్థం కాలేదు.

కొన్న తాండ్ర తింటే తప్పేం లేదు. అట్ట వెనక 223 అనో 224 అనో అంకె కనబడితే, రంగు చెడకుండా సల్ఫైటు వేశారని అర్థం. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది పడదు. మన ఇంటి తాండ్ర మాత్రం నెలనెలా నల్లబడుతుంది. పసుపుపచ్చగా మొదలై, వినాయక చవితికి తేనె రంగు, సంక్రాంతికి బెల్లపచ్చు రంగు. అది చెడటం కాదు.

ఆఖరి రోజు పని చూడముచ్చటగా ఉంటుంది. చాప మీది నుంచి తాండ్రను లాగకూడదు, చిరుగుతుంది. ఇద్దరు పట్టుకుని మొత్తాన్ని బోర్లించి, తాండ్ర మీది నుంచి చాపనే వలవాలి. చుర్రుమని చప్పుడు చేస్తూ లేస్తుంది. అడుగున తాటాకు నేత అచ్చు గుద్దినట్టు పడి ఉంటుంది. చాప కళ్లలో ఇరుక్కున్నదాన్ని చెంచాతో గీకి తినే హక్కు మా ఇంట్లో ఆ ఏడు పరీక్ష తప్పినవాళ్లది, ఓదార్పుగా.

ఒక పూట అచ్చు వైపు కూడా ఎండనిచ్చి, పట్టీలుగా కోసి, చేతికి నెయ్యి రాసుకుని చుట్టలు చుట్టి జాడీలో పెట్టాలి. వారం తర్వాత మూత తీసి లోపలివైపు తడమాలి. చెమట పట్టి ఉంటే ఆలోచించకుండా మళ్లీ ఎండలోకి. పోయినేడు నాకు కొంచెం దడగానే ఉండింది, ఆఖరి పొర మబ్బు పూట పోశాను మరి. మూత తీశాను, తడిమాను. పొడిగానే ఉంది. చుట్టలు మాత్రం లెక్కకు రెండు తక్కువ వచ్చాయి.