గాలిమరలూ గాలివాద్యమూ

పోయిన సమావేశంలో టీ తాగుతూ "ఈ మధ్య ఒక జాజ్ రికార్డు కొన్నాం, బాగుంది" అని మేము నోరు జారాం. సంపాదకులవారు పట్టుకున్నారు. "బాగుంటే ఎందుకు బాగుందో రాయండి. డబ్బు దండగైతే అదీ రాయండి, సభ్యులు జాగ్రత్త పడతారు" అన్నారు. తప్పించుకోలేక రాస్తున్నాం. మేమంటే నలుగురం, నలుగురమూ వైద్యులం. ఎవరికీ రాత్రి డ్యూటీలు పడని ఆదివారాల్లో ఒకరింట చేరి, భోంచేసి, ఏదో ఒకటి వింటూ ఉంటాం. సంగీతశాస్త్రం చదివినవాళ్ళం కాదు. రోజంతా మనుషుల గుండెలూ ఊపిరితిత్తులూ వినే చెవులు కదా అన్న ధైర్యం తప్ప మాకు వేరే అర్హత లేదు.

రికార్డు పేరు "విండ్‌మిల్ టిల్టర్", అంటే గాలిమరల మీదికి ఈటెతో ఉరికినవాడు. స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1605లో ఒక భాగం, 1615లో ఒక భాగంగా వెలువరించిన డాన్ క్విక్సోట్ కథకు ఇది జాజ్ రూపం. సంగీతం కెన్ వీలర్‌ది, వాయించినది జాన్ డాంక్‌వర్త్ ఆర్కెస్ట్రా. 1968లో రికార్డు చేస్తే 1969లో ఫోంటానా కంపెనీ విడుదల చేసింది. ఆ తరవాత చాలాకాలం అంగళ్ళలో కనబడలేదు. పాత ప్రతి ఎక్కడైనా బయటపడితే సేకరించేవాళ్ళు వందల పౌండ్లు పోసి కొనుక్కునేవారు. 2021లో డెక్కా వారు అసలు టేపులు తీసి, లండన్‌లోని గేర్‌బాక్స్ వారి చేత కొత్తగా గాడి కోయించి, 180 గ్రాముల బరువైన రికార్డుగా మళ్ళీ తెచ్చారు. ఈ వరుసకు వారు పెట్టిన పేరు "బ్రిటిష్ జాజ్ ఎక్స్‌ప్లోజన్", పేలుడు అన్నమాట. ఈ రికార్డుకి ఇంతకన్న అతకని పేరు ఉండదు. ఇందులో పేలేది ఏమీ లేదు.

ముందు మనిషి సంగతి చెప్పాలి. వీలర్ ఇంగ్లండువాడు కాడు. 1930లో కెనడాలోని టొరాంటోలో పుట్టి, 1952లో ఇక్కడికి వచ్చి, డాన్సు బ్యాండ్లలో ట్రంపెట్ వాయించుకుంటూ బతికాడు. 1959లో డాంక్‌వర్త్ బృందంలో చేరాడు. మహా బిడియస్తుడు. తన వాయింపు తనకే నచ్చదని జీవితమంతా అంటూ ఉండేవాడు. ఇలాంటివాడి చేతికి ఒక పూర్తి ఆర్కెస్ట్రా ఎలా వచ్చింది? పన్ను నొప్పి వల్ల వచ్చింది.

ట్రంపెట్ వాయించేవాడికి పెదవులే తీగలు. ఆ పెదవులను లోహపు అంచు నొక్కుతూ ఉంటే వెనకనుంచి ఆపే గోడ పళ్ళు. జ్ఞానదంతం అడ్డం తిరిగి, చిగురు వాచి, దవడ పట్టేసిందంటే ఆ గోడ కూలినట్టే. నోరు తెరవడమే గగనం, ఇంక ఊదడం ఎక్కడ? ఆ బాధతో వీలర్ కొంతకాలం వాద్యం పక్కన పెట్టవలసి వచ్చింది. ఊరికే కూర్చున్న మనిషిని చూసి డాంక్‌వర్త్, మా బృందానికి ఒక రికార్డుకి సరిపడా రాసిపెట్టు అని పురమాయించాడు. తన బృందం, తన పేరు, తన పలుకుబడి అన్నీ ఇంకొకడి ఊహకి అప్పగించాడు. పరాయి దేశంలో పదహారేళ్ళు వెనక వరసలో కూర్చున్న మనిషికి, ముప్పై ఎనిమిదో ఏట, తన పేరుతో మొదటి రికార్డు అలా దక్కింది. మాలో ముగ్గురం ఆ వయసుకి అటూ ఇటూగా ఉన్నవాళ్ళం. పై అధికారి ఒకరు తన కుర్చీ కాస్త జరిపి "నువ్వు రా" అనడం ఎంత అరుదో ఈ దేశంలో ఉద్యోగం చేసేవారికి మేము చెప్పనక్కర్లేదు.

రికార్డులో తొమ్మిది ఘట్టాలు ఉన్నాయి. కథ తెలియకపోయినా వినవచ్చు. యుద్ధాలూ గుర్రపు డెక్కలూ వినిపిస్తాయని ఆశపడితే మాత్రం నిరాశే. వీలర్‌కి గాలిమరల మీద ఆసక్తి లేదు. వాటి మీదికి వెళ్ళిన మనిషి ఒంటరితనం మీదనే అతని దృష్టంతా. "స్వీట్ డల్సినియా బ్లూ" అనే ఘట్టం చూడండి. డల్సినియా అంటే డాన్ తన మనసులో కల్పించుకున్న ప్రియురాలు, ఎదటపడని మనిషి. తిశ్ర నడకలో మెల్లగా ఊగుతూ పాట మొదలవుతుంది. ఒక స్వరం మీదనుంచి ఎంతో దూరాన ఉన్న స్వరానికి ఒక్క అడుగులో దాటుతుంది. అందుతుందా అని మనం ఊపిరి బిగపట్టేలోగా అందేస్తుంది, కానీ అందినందుకు సంతోషం ఉండదు. వీలర్ బాణీ అంతా ఈ దాటులోనే ఉంది. తరవాత నలభై ఏళ్ళు అతను రాసిన ప్రతిదానికీ విత్తనం ఇక్కడ కనిపిస్తుంది.

మాలో పిల్లల డాక్టరు మొదటిసారి విని "ఇదేం జాజ్ అండీ, సినిమా రీరికార్డింగులా ఉంది" అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, దాచం. కొన్ని చోట్ల ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఆ రోజుల టెలివిజన్ నాటకం పేర్లు పడుతున్నట్టే ఉంటుంది. కానీ రెండోసారి విన్నప్పుడు ఒకటి గమనించాం. ఆర్కెస్ట్రా వెనకాల నిలబడి, ముందు ఒక్కడు వాయించడం ఇక్కడి పద్ధతి కాదు. ఒంటరి వాద్యం ఆర్కెస్ట్రా లోపలినుంచే వస్తుంది, మళ్ళీ లోపలికే వెళ్ళిపోతుంది. జనంలో నడుస్తూ తనలో తాను మాట్లాడుకునే మనిషిలాగా. అప్పుడప్పుడు బృందమంతా తప్పుకుని నలుగురైదుగురే మిగులుతారు. రికార్డు మొత్తంలో అవే ప్రాణమున్న చోట్లు.

ఆ నలుగురైదుగురిలో ఇద్దరి గురించి చెప్పకపోతే పాపం. బేస్ వాయించినది వుల్వర్‌హాంప్టన్ కుర్రవాడు డేవ్ హాలండ్. గిటారు డాంకాస్టర్ కుర్రవాడు జాన్ మెక్‌లాక్లిన్. ఏడాది తిరగకుండానే ఇద్దరూ న్యూయార్క్ చేరి మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించారు. మెక్‌లాక్లిన్ ఆ తరవాత అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రాంలతో "శక్తి" బృందం కట్టాడు. పాతికేళ్ళ తరవాత దాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నది మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ని. శ్రీనివాస్ పుట్టినది ఈ రికార్డు వెలువడిన 1969లోనే. వీలర్ 2014 సెప్టెంబరు 18న లండన్‌లో పోయాడు, శ్రీనివాస్ ఆ మర్నాడే చెన్నైలో పోయారు. ఇది కాకతాళీయం మాత్రమే. అయినా ఆ తారీఖులు చూసినప్పటినుంచి మాకు ఈ రికార్డులో గిటారు వినబడిన చోటల్లా పాలకొల్లు గుర్తుకొస్తోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత ఖరీదు పెట్టి బరువైన రికార్డే కొనాలా? బరువు సంగతి ముందు తేల్చేద్దాం. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాములు తూగుతుంది. ఇది 180. కానీ పాట ఉండేది గాడిలో, మందంలో కాదు. మందపు రికార్డులో గాడి ఎక్కువ లోతు ఉండదు. రోగి ఫైలు లావెక్కినంత మాత్రాన రోగనిర్ణయం మెరుగవుతుందా? చేతికి బరువు తగిలితే డబ్బు గిట్టుబాటైనట్టు అనిపిస్తుంది, అంతే. మెచ్చుకోవలసినది అసలు టేపు దాకా వెళ్ళడాన్ని. మేము ఇదివరకు దీన్ని ఫోనులో, బస్సులో, ఆస్పత్రి క్యాంటీనులో విని ఉన్నాం. అప్పుడు ట్యూబాలు ఉన్నాయనే తెలియలేదు. ఇప్పుడు పాట అడుగున అవి నేలలాగా పరుచుకుని ఉన్నాయి. ఆ నేల ఉంటేనే పైన ఫ్లూగెల్‌హార్న్ ఒంటరిగా ఎగిరినట్టు తెలుస్తుంది. నేల లేకపోతే అది ఊరికే దీనంగా వినిపిస్తుంది.

లోపం కూడా ఉంది. అది వీరి తప్పు కాదు, రికార్డు అనే వస్తువుది. నిమిషానికి 33 చుట్లు తిరిగే పళ్ళెం మీద, బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లోపలికి వచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అదే పాట సగం కన్న తక్కువ చోట్లో ఇరుక్కోవాలి. సన్నని ధ్వనులు మొదట దెబ్బ తినేది అక్కడే. ఈ కథలో ఆ ఇరుకు చోటు ఎవరి వంతు వచ్చింది? "డాన్ నో మోర్" వంతు, అంటే చివరి ఘట్టం వంతు. అన్నిటికన్న మెత్తగా వాయించవలసినది అన్నిటికన్న ఇరుకులో పడింది. మా మామూలు యంత్రం మీద ఇత్తడి అంచు కొద్దిగా బొంగురు పోయింది. అయినా మాట తెలిసింది.

ఆ మాట ఏమిటంటే ఇది. కథ చివర్లో చదువుకున్న పొరుగువాడు ఒకడు వీరుడి వేషం వేసుకొచ్చి డాన్‌ని ఓడించి ఇంటికి పంపుతాడు. ఉద్దేశం మంచిదే, పిచ్చి కుదర్చాలని. డాన్ ఇల్లు చేరి జ్వరాన పడతాడు. లేచేసరికి పిచ్చి కుదిరిపోయి ఉంటుంది. తన వీరగాథలన్నీ ఒట్టివని తనే చెప్పి, వీలునామా రాయించి, చనిపోతాడు. దిగులే ఇతన్ని తీసుకుపోతున్నదని ఆ నవలలోని వైద్యుడే అభిప్రాయపడతాడు. రోగం కుదిరింది, రోగి దక్కలేదు. వీలర్ దీనికి ఏడుపు రాయలేదు. ఒక మనిషి ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నంత మామూలుగా ముగించాడు.

ముల్లు మధ్యకి వచ్చి గరగరలాడుతున్నా ఎవరమూ లేవలేదు. మా మత్తు డాక్టరమ్మ చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకుంది. మెడిసిన్ ఎంట్రన్సు ఏడాది దాన్ని గుడ్డ కప్పి మూల పెట్టారు, మళ్ళీ తియ్యలేదు. "నాకూ కుదిరిపోయింది" అంది. అంతే అంది. మేము ముల్లు ఎత్తి, మొదటి వైపు మళ్ళీ పెట్టాం.

వీలర్ లేడు, 2010లో పోయిన డాంక్‌వర్త్ అంతకుముందే లేడు. 2021లో తిరిగొచ్చిన ఈ రికార్డుని ఇద్దరూ చూడలేదు. కనుక వారికి చేసిన మేలు ఏమీ లేదు. మేలు జరిగితే వినేవారికే జరగాలి. బీరువాలో పెట్టి ధర పెరిగిందా అని చూసుకునేవాళ్ళు కొంటే పాత కథే తిరిగొస్తుంది. సభ్యులకు మా సలహా: బరువు కోసం కొనకండి, అరుదని కొనకండి. డల్సినియా కోసం కొనండి. కొనలేనివారు ఏ ఆదివారమైనా మా ఇంటికి రండి, వినిపిస్తాం, భోజనం కూడా పెడతాం. అరువు మాత్రం ఇవ్వం. సంపాదకులవారికి కూడా ఇదే మనవి.