ఒక్క పరమాణువు తేడా

ఫ్రీజర్‌లోంచి తీసిన చిన్న వయల్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది. లేబుల్ మీద మాత్రం మానవ ఇంటర్‌ల్యూకిన్-2, 10 మైక్రోగ్రాములు అని ఉంటుంది. మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పుతారు, మూతకు అంటిన పొడి కూడా అడుగుకు దిగాలని. కంటికి ఆనని ఆ పూత వెనక ఎంత పనితనం ఉందో తెలిసినవారి చేతికి జాగ్రత్త దానంతటదే వస్తుంది.

రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు ‘పెరగండి’ అని అందే కబురు ఈ ప్రొటీన్. అలాంటి కబురు ఒకటుందని 1976లో మోర్గన్, రసెట్టి, గాలో అనే శాస్త్రవేత్తలు చూపించారు. కణాల నుంచి దొరికేది మాత్రం బహు స్వల్పం. 1983లో జపాన్‌లో తానిగుచి బృందం దాని జన్యువును వేరుచేశాక, ఆ జన్యువును ఈ.కొలై బాక్టీరియాలో పెట్టి కావలసినంత తయారుచేసుకునే దారి తెరుచుకుంది.

అసలు చిక్కు అక్కడే మొదలు. బాక్టీరియా ఈ ప్రొటీన్‌ను మడతలు తప్పిన ముద్దలుగా పోగుపెడుతుంది. ఆ ముద్దను కరిగించి, గొలుసును విప్పి, మళ్ళీ సరిగ్గా మడత పడనివ్వాలి. 133 అమైనో ఆమ్లాల ఈ గొలుసులో 58, 105, 125 స్థానాల్లో సిస్టీన్లున్నాయి. వాటిలోని గంధకాలు రెండేసి కలిసి ముడిపడతాయి. ముడిపడాల్సింది 58, 105. జత లేని 125 మధ్యలో దూరి ఏదో ఒకదాన్ని పట్టుకుందంటే, ఒక గుండీ తప్పు కాజాలో పడిన చొక్కాలా మొత్తం వంకరపోతుంది.

1984లో కాలిఫోర్నియాలోని సీటస్ సంస్థకు చెందిన ఆలిస్ వాంగ్, డేవిడ్ మార్క్ బృందం మూడింటినీ విడివిడిగా పరీక్షించింది. సిస్టీన్ తీసి, దాని చోట సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం పెట్టి చూసింది. 58నో 105నో మారిస్తే ప్రొటీన్ సత్తువ పడిపోయింది. 125ను మారిస్తే చెక్కుచెదరలేదు. సిస్టీన్‌కూ సెరీన్‌కూ తేడా ఒక్క పరమాణువే, గంధకం ఉన్నచోట ఆక్సిజన్. అంత పెద్ద అణువులో తగువు పెట్టేదాన్ని మాత్రం పట్టుకుని, మిగతాదాన్ని ముట్టుకోకుండా వదిలిన ఆ చూపు నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తుంది. ఈ మార్పుతో చేసిన రూపమే 1992లో అమెరికాలో మూత్రపిండ క్యాన్సర్‌కు మందుగా అనుమతి పొందింది.

మడత కుదిరిందా లేదా అన్నది తేల్చేది సీటీఎల్ఎల్-2 అనే ఎలుక టీ కణాలు. ఈ కబురు అందకపోతే అవి బతకవు. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కన్నా తక్కువ అందినా పెరుగుతాయి. మడత తప్పిన ప్రొటీన్ ఎంత పోసినా వాటిని మభ్యపెట్టలేం. బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్‌ను కూడా శుద్ధిలో తొలగించి, మిగిలిందెంతో కొలవాలి. లేకపోతే రోగనిరోధక కణాలు దానికీ స్పందిస్తాయి, ఏ కబురు పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ఇంత శ్రమ పడ్డ పొడిని కరిగించాక అది ప్లాస్టిక్ గోడలకు అంటి వృథా కాకుండా కాస్త ఆల్బుమిన్ అనే మరో ప్రొటీన్ కలుపుతారు. దాన్ని అందుకున్న టీ కణాలను కొద్ది రోజుల తర్వాత మైక్రోస్కోపులో చూడండి. విడివిడిగా ఉన్నవి గుత్తులు గుత్తులుగా చేరి పెరుగుతుంటాయి.