‘వర్క్’, ‘లేబర్’, ‘జాబ్’ - మన ‘శ్రమ’

మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు సెలవు చీటీలో ‘ఐ హేవ్ ఎ వర్క్ ఎట్ హోమ్’ అని రాశాడు. ఇంగ్లీషు మాస్టారు ‘ఎ’ కింద ఎర్రగీత గీసి, ‘వర్క్’ లెక్కపెట్టే మాట కాదనీ, దాని ముందు ‘ఎ’ రాదనీ చెప్పారు. కుర్రవాడు తల ఊపాడు గాని వాడికి విషయం బోధపడలేదు. బోధపడకపోవడంలో వాడి తప్పు లేదు. తెలుగులో మనం ‘నాకో పని ఉంది’ అంటాం, ‘నాలుగు పనులు చక్కబెట్టుకొచ్చాను’ అంటాం. మన పనులు లెక్కకు వస్తాయి. పైగా ఆ కుర్రవాడే రేపు ఏ పుస్తకంలోనో ‘ఎ వర్క్ ఆఫ్ ఆర్ట్’ అన్న మాట చూస్తే, నిన్న కొట్టేసిన ‘ఎ’ ఇవాళ ఎలా ఒప్పయిందని అడుగుతాడు. అడగాలి కూడా.

ఈ మాత్రం దానికి వ్యాసం దేనికని మిత్రులు అనుకోవచ్చు. కాని సెలవు చీటీలో కుర్రవాడు చేసిన పొరపాటే ఇంకో రూపంలో మన అనువాదాల్లోనూ కథల్లోనూ కనిపిస్తున్నది. వాడికి ఎర్రగీత పడింది. మనకు పడటం లేదు.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. ‘వర్క్’ క్రియగానూ నామవాచకంగానూ నడుస్తుంది. మనిషీ ‘వర్క్’ చేస్తాడు, గడియారమూ ‘వర్క్’ చేస్తుంది, మందూ ‘వర్క్’ చేస్తుంది. నామవాచకంగా, జరుగుతున్న పని అన్న అర్థంలో దానికి లెక్క లేదు. పని పూర్తయి ఒక వస్తువుగా నిలిస్తే మాత్రం లెక్క వస్తుంది: ఒక కవి ‘వర్క్’, ఒక చిత్రకారుడి ‘వర్క్స్’. కర్మాగారాన్ని కూడా ‘వర్క్స్’ అనే అంటారు. అంటే చేసినదాని ఆనవాలు ఈ మాటలో మిగిలి ఉంటుంది.

‘లేబర్’ అలాంటిది కాదు. అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ప్రయాస, బాధ దాని కడుపులోనే ఉన్నాయి. ప్రసవ వేదనకు ఇంగ్లీషులో అదే మాట. నా చిన్నతనంలో ఆస్పత్రి గుమ్మం మీద ‘లేబర్ రూమ్’ అని చూసి, కూలీలు కూర్చునే గది కాబోలనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది పూర్తిగా తప్పు కూడా కాదనిపించింది. ‘లేబర్’ గడియారానికి చెల్లదు. బలవంతం ఉన్నచోట ఈ మాటే పలుకుతుంది. ‘ఫోర్స్‌డ్ లేబర్’ అంటారు గాని ‘ఫోర్స్‌డ్ వర్క్’ అన్నది వాడుకలో అరుదు. జైల్లో పడేది ‘హార్డ్ లేబర్’. 1976లో వచ్చిన చట్టం రద్దు చేసింది ‘బాండెడ్ లేబర్’ను. అన్నిటికన్నా గమనించదగినది, పనిచేసే మనుషులందరినీ కలిపి కూడా ‘లేబర్’ అనడం. అలా అన్నప్పుడు ఆ మాటకు ఏకవచనమూ ఉండదు, బహువచనమూ ఉండదు. నీళ్లలాగా, ఇసకలాగా రాశి. ‘చీప్ లేబర్’ అన్నప్పుడు అందులో ఎంతమంది మనుషులున్నారో వ్యాకరణం చెప్పదు. చెప్పవలసిన అవసరం కొనేవాడికి లేదు.

ఇక ‘జాబ్’. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని నీచపు మాటగా జమకట్టి, వ్యుత్పత్తి తెలియదని వదిలేశాడు. చిల్లర పని, ఒక విడి పని అన్న అర్థం నుంచి అది జీతమొచ్చే కొలువు దాకా ఎదిగింది. దీనికి మాత్రం లెక్క ఉంది. అందుకే జాబ్ దొరుకుతుంది, పోతుంది, ఖాళీ అవుతుంది. సెలవు చీటీలో మా కుర్రవాడికి కావలసింది ‘ఎ జాబ్’ గాని, ‘సమ్ వర్క్’ గాని.

ఈ తేడాను మన కంటె ముందే ఎంగెల్స్ పట్టుకున్నాడు. 1867లో మొదటి సంపుటంగా వెలువడిన ‘కాపిటల్’కు తర్వాత ఆయన చేర్చిన ఒక అధోజ్ఞాపికలో, జర్మన్‌కు లేని సౌలభ్యం ఇంగ్లీషుకు ఉందంటాడు. ఉపయోగపు విలువను సృష్టించేది, గుణాన్ని బట్టి చూడవలసినది ‘వర్క్’. విలువను సృష్టించేది, పరిమాణాన్ని బట్టి కొలవవలసినది ‘లేబర్’. జర్మన్‌లో రెంటికీ ఒకే మాట. నేతగాడు నేసిన చీర పోగూ పోగూ వర్క్. సంతలో ఆ చీర మరో సరుకుతో తూగడానికి కారణమైన సామాజిక కాలం లేబర్. పని ఒకటే, రెండు ముఖాలు.

ఎంగెల్స్ చెప్పాడు గనక ఇంగ్లీషువాళ్లంతా అలాగే మాట్లాడతారనుకోవడం మన అమాయకత్వం. డబ్బు ఆశించకుండా ప్రేమతో చేసిన పనిని వాళ్లు ‘లేబర్ ఆఫ్ లవ్’ అంటారు. ఆ లెక్కన అది ‘వర్క్’ కావాలి. 1976లో ‘కాపిటల్’ను మళ్లీ ఇంగ్లీషు చేసిన బెన్ ఫౌక్స్ కూడా వాడుక ఎల్లప్పుడూ ఈ విభజనకు లోబడదని ఒప్పుకున్నాడు. నా ఉద్దేశంలో ఎంగెల్స్ వివరణ నిఘంటువుకు కాదు, ఆలోచనకు పనికొస్తుంది. మాటల మధ్య ఉన్న చిన్న సందులో ఒక పెద్ద సామాజిక వాస్తవం దాగి ఉండవచ్చని అది చూపిస్తుంది.

మరి మనం ఏం చేస్తున్నాం? ‘వర్క్’ వచ్చినా ‘లేబర్’ వచ్చినా ‘శ్రమ’ అని రాసేస్తున్నాం. సిద్ధాంత గ్రంథాల్లో శ్రమ, శ్రమశక్తి, అదనపు విలువ అనే పరిభాష స్థిరపడింది. దానితో నాకు తగాదా లేదు, అది కావాలి. తగాదా కథల్లో, నవలల్లో. గోర్కీ పాత్ర నుంచి నిన్నటి ఆఫ్రికన్ నవల్లోని గని కార్మికుడి దాకా అందరూ తెలుగులో ‘మా శ్రమ’, ‘మా శ్రమ’ అంటారు. అనువాదాలనే ఎందుకు అనాలి, సొంత కథల్లో మన వరి కోత మనిషి కూడా అదే మాట్లాడుతుంది. తెలుగునాట ‘శ్రమ’ ఎవరి నోట వినిపిస్తుంది? ‘శ్రమ అనుకోకుండా దయచేశారు’ అనే సభాధ్యక్షుడి నోట. ‘మీకు శ్రమ ఇచ్చాను’ అనే అతిథి నోట. పొలం గట్టు మీద వినిపించే మాటలు పని, కూలి, కష్టం, చాకిరి, వెట్టి. కష్టజీవి అన్నప్పుడు శ్రీశ్రీ ఆ వరసలోని మాటే ఎత్తుకున్నాడు గాని శ్రమజీవి దగ్గర ఆగిపోలేదు.

చిత్రమేమిటంటే ఎంగెల్స్ ఇంగ్లీషులో వెతుక్కున్న తేడా మన దగ్గర అంతకన్న స్పష్టంగా ఉంది. ‘పనితనం’ అంటాం. నగ మీద, తలుపు చెక్క మీద, పాట మీద కూడా పనితనం కనిపిస్తుంది. ‘వాడు మంచి పనివాడు’ అంటే నేర్పరి. అది గుణం. ‘కూలి’ అంటే వేతనం. ‘ఇవాళ రెండు కూళ్లు పడ్డాయి’ అన్నప్పుడు మనిషీ, అతని రోజూ, అతని డబ్బూ ఒకే లెక్కలో కలిసిపోతాయి. అది పరిమాణం. చాకిరి ఇంకో మెట్టు, అందులో ఒకరి కింద మరొకరు ఉన్నారన్న సంగతి మాటలోనే ఉంది. ‘ఇంటి చాకిరి’ అనే మాటకు ‘హౌస్‌వర్క్’ సాటి రాదు. ఆ ఇంగ్లీషు మాటలో ఇల్లుంది, పనుంది, చేయించుకునేవాడు లేడు.

ఇంటి మాట వచ్చింది గనక ఇంకొకటి. రేమండ్ విలియమ్స్ 1976లో వెలువరించిన ‘కీవర్డ్స్’లో ‘వర్క్’ గురించి రాస్తూ, ఇల్లు నడిపి పిల్లల్ని పెంచే స్త్రీని ‘వర్క్’ చేసే స్త్రీ నుంచి వేరుచేసి మాట్లాడటాన్ని ఎత్తిచూపాడు. జీతానికి చేసేదే పని అన్న అర్థం ఆ క్రియలోకి చొరబడిందని ఆయన ఫిర్యాదు. మనకూ చొరబడింది. ‘మీ ఆవిడ ఏం చేస్తుంటారు?’ అంటే ‘ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే’ అని జవాబు. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన ఆవిడ లోపల అంట్లు తోముతూ ఈ జవాబు వింటూ ఉంటుంది. 2011 జనగణనలో కూడా ఇంటిపని మాత్రమే చేసుకునేవారు పనిచేయనివారి పట్టీలోనే చేరారు.

పనివాళ్లను ఇంగ్లీషు ఫ్యాక్టరీ యజమానులు ‘హేండ్స్’ అన్నారు. 1854 నాటి ‘హార్డ్ టైమ్స్’లో డికెన్స్ ఈ అలవాటును పట్టుకుని వెక్కిరించాడు. మనిషి పోయి చేతులు మిగిలాయి. మనకూ ఇటువంటిదే ఒకటుంది, ‘రెక్కలు’. కాని రెక్కాడితేగాని డొక్కాడదని చెప్పేది యజమాని కాదు, రెక్కలున్నవాడే. పైగా ఆ మాటలో రెక్కకు డొక్క తోడుంది. ఇంగ్లీషు ‘హేండ్’కు పొట్ట లేదు. అందుకే ‘హేండ్స్’ను ‘రెక్కలు’ అని తర్జుమా చేసిన చోట అర్థం కుదిరినట్టే ఉండి వర్గం మారిపోతుంది. మేస్త్రీ ‘పది మంది లేబర్ని పంపించు’ అంటాడే, డికెన్స్ ‘హేండ్స్’కు దగ్గర మాట అది.

ఇవ్వడం, పుచ్చుకోవడం గురించీ ఒక మాట. 1883లో మూడో జర్మన్ కూర్పుకు రాసిన ముందుమాటలో ఎంగెల్స్, డబ్బిచ్చి ఇతరుల శ్రమను తీసుకునేవాణ్ని ‘శ్రమదాత’ అనీ, ఆ శ్రమను ఇచ్చేవాణ్ని ‘శ్రమగ్రహీత’ అనీ పిలిచే జర్మన్ ఆర్థికవేత్తల పరిభాషను తాను రానివ్వనన్నాడు. మనం ‘పనిచ్చిన పుణ్యాత్ముడు’ అని రాసినప్పుడు ఆ పరిభాషకే ఓటు వేస్తున్నాం. ఇప్పుడు మరీ ముందుకు వెళ్లింది. బండి మీద అన్నం పొట్లాలు మోసే కుర్రవాడు కంపెనీ లెక్కలో ‘పార్ట్‌నర్’. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అతణ్ని ‘గిగ్ వర్కర్’ అన్నది, అక్కడ కనీసం ‘వర్కర్’ మిగిలాడు. ఈ కుర్రవాడి మీద కథ రాసే రచయిత ‘భాగస్వామి’ అని రాస్తాడా, ‘కూలీ’ అని రాస్తాడా? మాట ఎంచుకోవడంలోనే కథ సగం రాసినట్టవుతుంది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలీల చేతిలో పెట్టిన పుస్తకానికి ‘జాబ్ కార్డు’ అని పేరు. ఊళ్లో ఆ పనికి మాత్రం ‘కరువు పని’ అన్న పేరే నిలిచింది. ప్రభుత్వం జాబ్ అన్నది, జనం కరువు అన్నారు. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న దూరం మీద మంచి కథ ఇంకా నా కంటపడలేదు.

చివరికి అనువాదకులను ఒకటి అడగాలని ఉంది. ‘అనెంప్లాయ్డ్’ అన్నదానికి మనం ‘నిరుద్యోగి’ అని రాస్తాం. నిరుద్యోగి అనగానే మన కళ్లముందు మెదిలేది డిగ్రీ కాగితాలు పట్టుకున్న యువకుడే. గని మూతపడి రోడ్డున పడ్డ నలభై ఏళ్ల మనిషి ‘నిరుద్యోగి’ అని నా చెవికి పలకదు. ‘పని లేనివాడు’ అంటే తెలుగులో సోమరి అనే అర్థం ముందుకొస్తుంది. ‘పని పోయినవాడు’ అంటే కొంత నయం. అలాంటి మనిషి నోట ‘నాకు కూలాడటం లేదు’ అన్నమాట నేనొక బస్టాండులో విన్నాను. ఆడటం, అంటే నడవడం. అనువాదాల్లో ఆ క్రియ నాకెక్కడా తగల్లేదు.