ఖాళీ చేతుల యుద్ధం

2016 జూన్ 12, ఆదివారం. తెల్లవారకముందే ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, పల్స్ అనే నైట్‌క్లబ్‌లో ఒక దుండగుడు తుపాకీతో 49 మంది ప్రాణాలు తీశాడు. అదే రోజు రాత్రి న్యూయార్క్ బీకన్ థియేటర్లో టోనీ అవార్డుల సభ. బ్రాడ్‌వే నాటకరంగానికి ఏటా జరిగే ఈ పండుగ 1947లో మొదలైంది. 1967 నుంచి అమెరికా అంతటా టీవీలో వస్తోంది. ఆ రాత్రి అందరి కళ్లూ 'హామిల్టన్' అనే సంగీత నాటకం మీదే. సభలో ఆ బృందం ఆడబోయేది అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోని యార్క్‌టౌన్ యుద్ధ ఘట్టం. అందులో సైనికుల చేతుల్లో మస్కెట్ తుపాకులు ఉంటాయి.

ఆ పూట తుపాకులు వద్దనుకున్నారు. ఉత్త చేతులతోనే ఆడారు.

నాటకాలకు లైట్లు వేసే పని నాది. ఆ ప్రదర్శన రికార్డింగు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకసారి పాట వినడానికి, ఒకసారి వెలుగు ఎటునుంచి పడుతోందో చూడటానికి, చాలాసార్లు శబ్దం పూర్తిగా తీసేసి ఆ చేతుల్ని మాత్రమే చూడటానికి.

నటుడి చేతిలోని వస్తువును, అంటే ప్రాపర్టీని, తీసేయడం ప్రేక్షకుడికి చిన్న విషయంగా తోచవచ్చు. మన పద్యనాటకంలో భీముడి వేషధారిని అడగండి, చెబుతాడు. భుజాన గద ఉంటే ఒక నడక, లేకపోతే ఇంకో నడక. దాని బరువును బట్టే కాలు ఎంత ఎడంగా పెట్టాలో, పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కుదురుతాయి. 'హామిల్టన్' బ్రాడ్‌వేలో 2015 ఆగస్టులో మొదలైంది. అంటే ఆ బృందం పది నెలలుగా, వారానికి ఎనిమిది ఆటల చొప్పున, ఆ యుద్ధం చేస్తూనే ఉంది. శరీరానికి అంతగా అలవాటైన వస్తువు ఒక్క పూటలో మాయమైతే వేళ్లు దాన్ని వెతుక్కుంటాయి. ఇక్కడ ఎవరి వేళ్లూ తడుముకోలేదు.

కారణం ఆండీ బ్లాంకెన్‌బ్యూలర్ నృత్యరచనలో ఉందని నా నమ్మకం. ఆయన యుద్ధాన్ని తుపాకీలో పెట్టలేదు. మొండెం విసురుగా తిరగడంలో, తాళానికి సరిగ్గా పాదం పడటంలో, వరుసలు విచ్చుకుని మళ్లీ మూసుకోవడంలో పెట్టాడు. అందుకే తుపాకులు తీసేస్తే కూర్పు కూలలేదు, ఇంకా స్పష్టంగా కనిపించింది. రంగు కడిగేశాక నటుడి ముఖంలో గీతలు తెలిసినట్టు. శిఖర హస్తం పట్టి విల్లు చూపించే అభినయం ఎరిగిన మనకు ఇది కొత్త విద్య కాదు. అయినా అన్ని దేహాలు ఒకే ఊపులో ఉత్త చేతులతో యుద్ధాన్ని నిలబెట్టడం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇందులో చరిత్ర కూడా కలిసొచ్చింది. 1781 అక్టోబరు 14 రాత్రి యార్క్‌టౌన్‌లో పదో నంబరు కోటబురుజు మీదికి ఈ నాటకానికి నాయకుడైన అసలు హామిల్టన్ తన దళాన్ని నడిపించింది గుళ్లు నింపని తుపాకులతోనే. పొరపాటున ఒక్కటి పేలినా శత్రువు మేలుకుంటాడని బయొనెట్లనే నమ్ముకున్నారు. ఆ జాగ్రత్త పాటలోనూ ఉంది. గుళ్లు లేని తుపాకీ నుంచి తుపాకీ లేని చేతికి ఒక్క అడుగే దూరం. ఆ రాత్రి ఆ అడుగు వేశారు.

టీవీ సభకు తగ్గట్టు ఘట్టాన్ని కత్తిరించిన తీరు కూడా చూడాలి. ఒక్కో నాటకానికి దొరికేది కొద్ది నిమిషాలే. కథ తెలియనివాడికీ అందాలి. వీళ్లు నేరుగా యుద్ధంలోకి దూకలేదు. ముందు వాషింగ్టన్ పాత్రలో క్రిస్టఫర్ జాక్సన్ నెమ్మదిగా, చరిత్ర మనల్ని చూస్తూనే ఉంటుందని హామిల్టన్‌కు చెప్పే పాట. దాని వెంటే యుద్ధం. ఆ నెమ్మది లేకపోతే ఆ హోరుకు బరువు లేదు. లైటింగ్‌లో మేమూ అదే చేస్తాం, మెరుపు వేయాలంటే ముందు చీకటిని కాసేపు నిలవనివ్వాలి.

16 నామినేషన్లలో 11 బహుమతులు వాళ్లవే. నృత్యరచనకు బ్లాంకెన్‌బ్యూలర్‌కు, లైటింగ్‌కు హొవెల్ బింక్లీకి వచ్చాయి. ధ్వని రూపకల్పనకు మాత్రం ఆ ఏడు బహుమతే లేదు. 2014 తర్వాత ఎత్తేసిన ఆ విభాగాన్ని 2018లో గానీ తిరిగి పెట్టలేదు. అంత వేగంగా పాడే నాటకంలో ప్రతి మాటా చెవికి చేర్చిన నెవిన్ స్టైన్‌బర్గ్ పనికి ఆ సభలో చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఈమధ్య ఒక పద్యనాటకం రిహార్సల్ చివరి వారంలో, ఆ ఉత్త చేతులు గుర్తొచ్చి, ఒక్క పూట ప్రాపర్టీలన్నీ పక్కన పెట్టించమని దర్శకుణ్ణి అడిగాను. భీముడి వేషధారి మొదట తడబడ్డాడు. కుడిచెయ్యి గాలిలో రెండుసార్లు గదను వెతికింది. రెండో పద్యానికి భుజం తనంతట తానే లేచి నిలబడింది.