తీతువు గుడ్లు, వంటింటి కిటికీ

తీతువు అరిస్తే కీడని పెద్దలంటారు. పాపం, అది కాపలా అరుపు! మైపాడు తీరం వైపు ఇసుక దొడ్లలో ఎండాకాలం దానికి గూడంటూ ఉండదు. చిన్న గుంటలో, గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు పెడుతుంది. పక్కనే నిలబడ్డా కనపడవు. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ తడిని ఫొటోలో పట్టాలంటే దొడ్లోకి తెరుచుకునే వంటింటి కిటికీ వెనక గంటలు కూర్చోవాలి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో కడప చెట్ల మీది గూడబాతుల్ని ఎవరైనా తీస్తారు. నేను మెచ్చేది ఇలా కిటికీ వెనక కాచుకునే దొడ్డి ఫొటోగ్రాఫర్లనే. ఫొటో బాగా రావాలని గులకరాయి కూడా జరపరు. తల్లి గాభరాపడి లేచిందా, కెమెరా దించేసి కిటికీ మూసేస్తారు.