రెండు తీగల ఉమ్మడి లెక్క

విడివిడిగా పరీక్షించినప్పుడు ఏ లోపమూ చూపని నాలుగైదు సెన్సర్లు ఒకే జత తీగల మీదికి చేరగానే తప్పుడు విలువలు ఇవ్వడమో, అసలు పలకకపోవడమో ఎలక్ట్రానిక్స్ సాధనలో తరచూ ఎదురయ్యేదే. అప్పుడు దోషాన్ని ఏదో ఒక సెన్సర్‌లో వెతకడం సహజమే గాని, ఉమ్మడి తీగల మీద పుట్టే చిక్కు చాలాసార్లు ఏ ఒక్క పరికరానిదీ కాదు, వాటన్నిటినీ కలిపి లెక్క వేయకపోవడం వల్ల వచ్చినది.

టీవీల వంటి పరికరాల లోపల చిప్‌ల మధ్య తీగల సంఖ్య తగ్గించడానికి 1982లో ఫిలిప్స్ సంస్థ రూపొందించిన ఐ-టు-సీ పద్ధతిలో, సమాచారాన్ని మోసే ఎస్‌డీఏ, దానిలోని ప్రతి బిట్‌కూ సమయం చూపే ఎస్‌సీఎల్ అనే రెండే సంకేత తీగలు ఉంటాయి. అనేక పరికరాలు పంచుకునే ఇటువంటి మార్గాన్ని బస్ అంటారు. దీని మీద ఏ చిప్ కూడా తీగను ఎగువ వోల్టేజీకి నెట్టదు. గ్రౌండ్‌కు లాగుతుంది, లేదా వదిలేస్తుంది. వదిలిన తీగను తిరిగి పైకి చేర్చేది పుల్-అప్ రెసిస్టర్. అందువల్ల రెండు చిప్‌లు ఒకేసారి మాట్లాడినా షార్ట్ సర్క్యూట్ ఏర్పడదు గాని, ఒక్కటి తీగను లాగిపట్టి వదలకపోతే తక్కినవన్నీ మూగబోతాయి.

ఏ మాట ఎవరికో తేల్చేది అడ్రస్. ఏడు బిట్ల అడ్రస్‌లో 128 సంఖ్యలకు వీలున్నా, 16 ప్రత్యేక అవసరాలకు కేటాయించినందున 112 మిగులుతాయి. అయితే అడ్రస్‌ను చిప్ తయారీదారే నిర్ణయిస్తాడు గనుక ఘర్షణ తప్పదు: కదలికను కొలిచే ఎంపీయూ6050కీ, గడియారపు చిప్ డీఎస్3231కీ హెక్సాడెసిమల్‌లో 68 అన్నదే అడ్రస్. రెండూ ఒకే బస్ మీద ఉంటే, అన్ని అడ్రస్‌లనూ వరుసగా పిలిచి చూసే స్కాన్‌లో ఒక్క పరికరమే కనిపిస్తుంది, పిలిస్తే రెండూ జవాబిస్తాయి. తీగను కిందికి లాగే సున్నాదే పైచేయి కాబట్టి, బస్‌ను నడిపే మైక్రోకంట్రోలర్‌కు చేరేది ఆ రెంటిలో దేనిదీ కాని మిశ్రమం. ఎంపీయూ6050కి ఉన్న ఏడీ0 పిన్‌ను ఎగువ వోల్టేజీకి కలిపితే దాని అడ్రస్ 69గా మారి చిక్కు విడిపోతుంది. వాతావరణ సెన్సర్ బీఎంఈ280కి 76, 77 అనే రెండు అడ్రస్‌లే ఉన్నందున మూడోదాన్ని కలపాలంటే బస్‌ను ఎనిమిది శాఖలుగా చీల్చే టీసీఏ9548ఏ వంటి మల్టీప్లెక్సర్ కావాలి. దాని సొంత అడ్రస్ 70 నుంచి 77 మధ్యనే ఉంటుంది కాబట్టి, దాన్ని కూడా చూసి ఎంచుకోవలసిందే.

అడ్రస్‌ల కన్నా సూక్ష్మమైనది రెసిస్టర్ల లెక్క. బజారులో దొరికే సెన్సర్ బోర్డుల్లో చాలావాటికి పుల్-అప్‌లు ముందే అమర్చి ఉంటాయి. 4.7 కిలో ఓమ్‌లవి ఉన్న అయిదు బోర్డులను కలిపితే అవి సమాంతరంగా చేరి 940 ఓమ్‌లకు దిగుతాయి. అప్పుడు 5 వోల్టుల బస్ మీద తీగను కిందికి లాగే చిప్ దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు భరించాలి, కానీ సాధారణ వేగంలో ప్రమాణం కోరేది 3 మిల్లీ ఆంపియర్లే. అలాగని రెసిస్టర్ విలువను పెంచుకుంటూ పోవడం కూడా కుదరదు. తీగలు పొడవైనకొద్దీ, చిప్‌లు పెరిగినకొద్దీ కెపాసిటెన్స్ పెరిగి, వోల్టేజీ పైకి లేవడం ఆలస్యమవుతుంది. సెకనుకు 100 కిలోబిట్ల వేగంలో ఆ లేచే సమయం ఒక మైక్రోసెకను మించరాదు, 4.7 కిలో ఓమ్‌లతో ఆ హద్దు సుమారు 250 పికోఫారడ్ల దగ్గరే వస్తుంది.

కాబట్టి సోల్డరింగ్‌కు ముందే అడ్రస్‌ల పట్టిక రాయడం, పుల్-అప్‌ల మొత్తం విలువ లెక్కగట్టి అదనపువాటిని తీసేయడం, పరికరాలను ఒక్కొక్కటిగా కలుపుతూ ప్రతిసారీ స్కాన్ చేయడం ఈ పనిలో ప్రాథమిక క్రమశిక్షణ. ప్రతి సెన్సర్‌కూ డేటాషీట్ ఉంటుంది గాని, అది ఆ సెన్సర్ గురించే చెబుతుంది. అవన్నీ కలిసిన బస్‌కు డేటాషీట్‌ను ఏ తయారీదారూ ఇవ్వడు. దాన్ని నిర్మించేవారే రాసుకోవాలి, కొత్త పరికరం చేరిన ప్రతిసారీ తిరగరాసుకోవాలి.